తీసేసిన కన్ను నేర్పే చదువు

పసిపిల్లల కంటికి వచ్చే అరుదైన క్యాన్సర్ రెటినోబ్లాస్టోమా. ఈ జబ్బు గుట్టు విప్పిన పరిశోధనలు చాలావరకు, పిల్లల కళ్ల నుంచి తీసి జాగ్రత్తగా దాచిన గడ్డ ముక్కల మీదే జరిగాయి. అలా దాచే చోటును బయోబ్యాంక్ అంటారు. ప్రపంచంలో ఈ జబ్బు బారిన పడే పిల్లలు ఎక్కువగా ఉన్నది మన దేశంలోనే. వాళ్ల నమూనాలు రేపటి వైద్యానికి అక్కరకు రావాలంటే ఏం చేయాలి?

ఆపరేషన్ థియేటర్ నుంచి ఓ చిన్న డబ్బా పెథాలజీ ల్యాబ్‌కి వస్తుంది. అందులో ఉన్నది రెండేళ్ల బిడ్డ కన్ను. అడ్డంగా కొలిస్తే రెండు సెంటీమీటర్ల పైచిలుకు. దాని వెనక, సర్జన్ వీలైనంత పొడవుగా ఉంచి కోసిన కంటినరం. బిడ్డ ప్రాణం నిలవాలంటే ఆ కన్ను తీసేయక తప్పలేదు. ఆ కన్ను తర్వాత ఏమవుతుందని అడిగే ఓపిక బయట వరండాలో కూర్చున్న అమ్మానాన్నలకు ఆ పూట ఉండదు. ల్యాబ్‌లో మాత్రం దానితో పని అప్పుడే మొదలవుతుంది.

పెథాలజిస్టు ముందుగా కంటినరం కొసకు రంగు సిరా పూస్తారు. ఆ కొసను కోసి వేరే సీసాలో వేస్తారు. ఆ తర్వాతే కనుగుడ్డు జోలికి వెళ్తారు. ఈ వరస మారడానికి వీల్లేదు. ముందే గడ్డను కోస్తే దాని కణాలు కత్తికి అంటుకుని నరం మీదికి చేరొచ్చు. అప్పుడు జబ్బు నిజంగానే నరంలోకి పాకిందా, కత్తి వల్ల అంటిందా అన్నది తేలదు. బిడ్డకు కీమోథెరపీ ఇవ్వాలా వద్దా అన్నది చాలావరకు ఆ జవాబు మీద ఆధారపడి ఉంటుంది.

నరం భద్రమయ్యాక, కనుగుడ్డు తెల్లపొరకు ఓ పక్క చిన్న కిటికీ తెరుస్తారు. లోపల గడ్డ తెల్లగా, మెత్తగా, పట్టుకుంటే పొడిగా రాలేలా ఉంటుంది. మధ్యమధ్య క్యాల్షియం పలుకులు తగులుతాయి. ఫోర్‌సెప్స్‌తో బియ్యపు గింజంత ముక్క తీసి చిన్న ట్యూబులో వేసి, మూత బిగించి, అప్పటికప్పుడు గడ్డకట్టిస్తారు. మిగతా కన్ను ఫార్మలిన్‌లోకి వెళ్తుంది.

ముక్క తీసి గడ్డకట్టించి దాచే పని అన్ని ఆసుపత్రుల్లోనూ జరగదు. రోగ నిర్ధారణకు ఫార్మలిన్ చాలు. కన్ను అందులో నానాక పారఫిన్ మైనంలో దిమ్మ కట్టి, పలచటి పొరలుగా కోసి మైక్రోస్కోపు కింద చూస్తే రిపోర్టు వచ్చేస్తుంది. కానీ ఫార్మలిన్ డీఎన్‌ఏను ముక్కలు చేస్తుంది, ఆర్‌ఎన్‌ఏను ఇంకా ఎక్కువగా దెబ్బతీస్తుంది. గడ్డ ఎలా పుట్టింది, ఏ జన్యువు చెడింది, ఏ మందుకు లొంగుతుంది అన్న ప్రశ్నలకు సూటిగా జవాబిచ్చేది ఫ్రీజర్‌లో దాచిన ఆ బియ్యపు గింజంత ముక్కే.

తెల్లటి మెరుపు, కొత్తగా వచ్చిన మెల్ల

రెటినోబ్లాస్టోమా సుమారు 16,000 నుంచి 18,000 కాన్పుల్లో ఒక బిడ్డకు వస్తుంది. ప్రపంచమంతా కలిపితే ఏటా 8,000 మందికి పైగా. మన దేశంలో ఏటా 1,500 నుంచి 2,000 మంది ఉంటారని అంచనా. దాదాపు అందరిలోనూ ఐదేళ్లలోపే బయటపడుతుంది. పిల్లల కంటికి వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. కంట్లోని సిలియరీ బాడీలో పుట్టే మెడులోఎపిథీలియోమా లాంటివి ఇంతకన్నా ఎన్నో రెట్లు అరుదు. కంటి చుట్టూ కండరం లాంటి కణజాలంలో వచ్చే రాబ్డోమయోసార్కోమా కూడా అరుదైనదే.

చాలామందిలో మొదట కనిపించే గుర్తు కంటిపాపలో తెల్లటి మెరుపు. దీపం వెలుగులోనో, ఫోన్ ఫ్లాష్‌తో తీసిన ఫొటోలోనో ఒక కన్ను ఎర్రగానో నల్లగానో ఉండి, రెండోది తెల్లగా మెరుస్తుంది. రెండో గుర్తు మెల్లకన్ను. మెల్ల ఉంటే అదృష్టమని మన ఇళ్లలో ఓ నమ్మకం ఉంది. పసిబిడ్డకు కొత్తగా మెల్ల వస్తే ఆ నమ్మకాన్ని పక్కనపెట్టి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ‘పెద్దయితే అదే సర్దుకుంటుందిలే’ అని ఆగిన నెలల్లోనే గడ్డ కన్ను దాటి నరం వెంట మెదడు వైపు పాకుతుంది.

ఆలస్యానికి ఎంత మూల్యం చెల్లించాలో లెక్కలే చెబుతున్నాయి. 2017లో జబ్బు బయటపడిన 4,351 మంది పిల్లల వివరాలను 153 దేశాల నుంచి సేకరించిన అధ్యయనం 2020లో వెలువడింది. సంపన్న దేశాల్లో సగటున 14 నెలల వయసులో జబ్బు తెలిస్తే, పేద దేశాల్లో 30 నెలలకు గానీ తెలియలేదు. అప్పటికే జబ్బు కంటి బయటికి వచ్చేసినవాళ్లు సంపన్న దేశాల్లో నూటికి ఇద్దరు కూడా లేరు. పేద దేశాల్లో దాదాపు సగం మంది. ఆ పిల్లల్నే మూడేళ్ల తర్వాత చూస్తే, సంపన్న దేశాల్లో 99 శాతానికి పైగా బతికున్నారు. పేద దేశాల్లో 57 శాతమే. ముందుగా పట్టుకుంటే ఇంచుమించు ప్రతి బిడ్డా బతికే క్యాన్సర్ ఇది.

48 కేస్ షీట్లు చెప్పిన సంగతి

క్యాన్సర్ గురించి ఇవాళ పాఠ్యపుస్తకాల్లో ఉన్న ఒక మూలసూత్రం ఈ పిల్లల నుంచే వచ్చింది. అమెరికాలోని హ్యూస్టన్‌లో ఎండీ ఆండర్సన్ ఆసుపత్రి ఉంది. 1944 నుంచి 1969 వరకు అక్కడ చికిత్స పొందిన 48 మంది రెటినోబ్లాస్టోమా పిల్లల రికార్డులను ఆల్‌ఫ్రెడ్ నడ్సన్ అనే పిల్లల వైద్యుడు ముందేసుకున్నారు. ఆయన ప్రధానంగా చూసింది రెండు విషయాలు. జబ్బు ఒక కంటికా, రెండు కళ్లకా? ఏ వయసులో బయటపడింది?

రెండు కళ్లకూ వచ్చిన పిల్లల్లో జబ్బు చాలా ముందుగా కనిపించింది. ఒక కంటికే వచ్చినవాళ్లలో ఆలస్యంగా. వయసుల లెక్క గీసి చూస్తే ఒక సంగతి తేలింది. మన కణాల్లో ప్రతి జన్యువుకూ రెండు ప్రతులుంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఈ జబ్బుకు కారణమైన జన్యువు రెండు ప్రతులూ, బండికి రెండు బ్రేకులున్నట్టు, కణం అదుపు తప్పకుండా చూస్తాయి. ఒకటి పోయినా రెండోది ఆపుతుంది. రెండూ పోతేనే గడ్డ. కొందరు పిల్లలు పుట్టుకతోనే ఒక బ్రేకు పోయి వస్తారు. వాళ్లకు రెండోది తప్పితే చాలు, అందుకే జబ్బు తొందరగా, రెండు కళ్లలోనూ వస్తుంది. మిగతావాళ్లలో ఒకే కణంలో రెండూ ఒకదాని తర్వాత ఒకటి పోవాలి. 1971లో నడ్సన్ ప్రకటించిన ఈ ‘రెండు దెబ్బల’ సిద్ధాంతానికి ఆధారం ఎవరో పాతికేళ్ల పాటు ఓపిగ్గా రాసి దాచిన కాగితాలు.

ఆ జన్యువు ఏదో తెలియడానికి కాగితాలు చాలలేదు, గడ్డలు కావాల్సి వచ్చింది. బోస్టన్‌లో కంటి వైద్యుడు థాడియస్ డ్రైజా రెటినోబ్లాస్టోమా గడ్డల్లోని డీఎన్‌ఏను ఏళ్ల తరబడి వెతికారు. 13వ క్రోమోజోమ్‌లో ఒక భాగం కొన్ని గడ్డల్లో పూర్తిగా మాయమై కనిపించింది. స్టీఫెన్ ఫ్రెండ్, రాబర్ట్ వైన్‌బర్గ్‌లతో కలిసి ఆయన 1986లో ఆర్‌బీ1 జన్యువును పట్టుకున్నారు. క్యాన్సర్‌ను అణచి ఉంచే జన్యువుల్లో మనిషికి దొరికిన మొట్టమొదటిది అదే.

దాని ఫలితం కంటి దగ్గర ఆగలేదు. ఆ జన్యువు తయారుచేయించే ఆర్‌బీ ప్రొటీన్ పని చెడకుండా చూసే మందులు రొమ్ము క్యాన్సర్‌కు వచ్చాయి. అందులో మొదటిదైన పాల్బోసిక్లిబ్‌కు అమెరికాలో 2015లో అనుమతి దొరికింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్ కూడా ఈ ప్రొటీన్‌నే దెబ్బకొడుతుందని తేలింది. అరుదైన జబ్బు మీద పెట్టే పైసా కొద్దిమందికే ఉపయోగపడుతుందని అనేవాళ్లకు ఈ ఒక్క జన్యువు చరిత్రే జవాబు.

1,068 గడ్డల్లో 29

అరుదైన జబ్బులో ఒక ఆసుపత్రికి ఏటా వచ్చే పిల్లలు కొద్దిమందే. పది గడ్డలు చూసిన డాక్టరుకు పదీ ఒకేలా అనిపిస్తాయి. వెయ్యి చూస్తే గానీ తేడా బయటపడదు. ఇందుకు ఒక గట్టి ఉదాహరణ ఉంది.

ఆర్‌బీ1 పాడైతేనే రెటినోబ్లాస్టోమా వస్తుందని పాతికేళ్లకు పైగా అందరూ నమ్మారు. కెనడాలోని టొరంటోకు చెందిన బ్రెండా గల్లీ బృందం ఇతర దేశాల ల్యాబులతో కలిసి, ఒక కంటికే వచ్చిన, కుటుంబంలో ఎవరికీ లేని 1,068 గడ్డలను పరీక్షించింది. వాటిలో 29 గడ్డల్లో ఆర్‌బీ1 రెండు ప్రతులూ చక్కగా ఉన్నాయి. ఆ 29లో 15 గడ్డల్లో ఎంవైసీఎన్ అనే మరో జన్యువు పదుల కొద్దీ ప్రతులుగా పెరిగిపోయి ఉంది. 2013లో ప్రచురించిన ఈ అధ్యయనం ఇంకో సంగతీ చెప్పింది. మామూలుగా ఒక కంటి జబ్బు రెండేళ్లకు బయటపడితే, ఈ రకం పిల్లల్లో సగటున నాలుగున్నర నెలలకే బయటపడింది. చూడటానికి ఒకేలా ఉన్నా ఇది వేరే జబ్బు. అంత పసివయసులో ఒకే కంట్లో పెద్ద గడ్డ కనిపిస్తే ఈ రకమేమోనని డాక్టర్లు ఇప్పుడు ఆలోచించగలుగుతున్నారు.

నూటికి ఒకటీ రెండు ఉండే ఇలాంటి రకాన్ని ఏ ఒక్క ఆసుపత్రీ తన ఫ్రీజర్‌తో పట్టుకోలేదు. పారిస్‌లోని క్యూరీ ఇన్‌స్టిట్యూట్ నేతృత్వంలో 2021లో వచ్చిన మరో అధ్యయనం 102 గడ్డల్ని పోల్చి, రెటినోబ్లాస్టోమాలో రెండు ఉపరకాలున్నాయని చూపింది. ఒకటి చిన్న వయసులో వచ్చేది, పుట్టుకతో జన్యులోపం ఉన్న పిల్లల్లో ఎక్కువ. రెండోది కాస్త పెద్ద పిల్లల్లో కనిపించేది, శరీరంలో ఇతర చోట్లకు పాకే ప్రమాదం దీనికే ఎక్కువ. ఏ బిడ్డకు గట్టి మందు కావాలి, ఎవరికి అక్కర్లేదు అన్న నిర్ణయానికి ఇలాంటి తేడాలే రేపు దారి చూపాలి.

ఎలుకలో రాని జబ్బు

క్యాన్సర్ పరిశోధన అనగానే ఎలుకలు గుర్తొస్తాయి. ఈ జబ్బులో ఆ దారి అంత తేలిక కాలేదు. ఆర్‌బీ1 ఒక ప్రతి పాడైన మనిషి బిడ్డకు కంట్లో గడ్డ వస్తుంది. అదే లోపంతో పుట్టిన ఎలుకకు కంట్లో రాదు, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో వస్తుంది. మనిషి రెటీనాలో రంగుల్ని గుర్తించే కోన్ కణాలుగా మారాల్సిన లేత కణాల్లోనే ఈ క్యాన్సర్ పుట్టగలదని అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ కోబ్రినిక్ బృందం 2014లో చూపింది. ఆ సంగతి తేలింది మనిషి కణజాలంలోనే.

ల్యాబుల్లో పెంచే కణాలున్నాయి కదా అనొచ్చు. వై79 అనే కణశ్రేణి ఈ రంగంలో అందరికీ తెలిసిందే. రెండున్నరేళ్ల పాప కంటి గడ్డ నుంచి తీసి, 1974లో ప్రచురించిన ఆ కణాలు యాభై ఏళ్లుగా ప్రపంచమంతటా ల్యాబుల్లో పెరుగుతూనే ఉన్నాయి. ఎన్నో మందుల్ని మొదట వాటి మీదే పరీక్షించారు. కానీ అన్నేళ్లు గాజు పాత్రల్లో పెరిగిన కణాలు మొదటిలాగే ఉండవు. ఒక్క పాప గడ్డ వేల మంది పిల్లల జబ్బుకు ప్రతినిధి కాలేదు. కొత్త పిల్లల నుంచి కొత్త నమూనాలు వస్తూనే ఉండాలి.

అలా వచ్చిన నమూనాలతో ఏం చేయొచ్చో బార్సిలోనాలోని సాంత్ జొవాన్ దె దేవు పిల్లల ఆసుపత్రి చూపించింది. ఆర్‌బీ దారి చెడిన కణాల్లో మాత్రమే పెరిగి వాటిని చంపేలా మార్చిన వీసీఎన్-01 అనే వైరస్‌ను, పిల్లల గడ్డల నుంచి నేరుగా పెంచిన కణాల మీద, ఆ కణాలను ఎక్కించిన జంతువుల మీద అక్కడి పరిశోధకులు పరీక్షించారు. ఆ తర్వాత ఇతర చికిత్సలకు లొంగని జబ్బున్న ఇద్దరు పిల్లల కళ్లలోకి ఇంజెక్ట్ చేసి, వైరస్ పనిచేస్తున్న ఆనవాళ్లు చూశారు. ఆ వివరాలు 2019లో వెలువడ్డాయి. ఒక బిడ్డ నుంచి తీసిన గడ్డ మరో బిడ్డ చికిత్సకు దారి వేయడమంటే ఇదే.

ట్యూబు మీద నంబరు, వెనక ఇరవై ఏళ్ల కథ

బయోబ్యాంక్‌లో ఫ్రీజర్లు మైనస్ 80 డిగ్రీల్లో ఉంటాయి. బతికున్న కణాలుగా దాచాలంటే ద్రవ నైట్రోజన్ కావాలి, అది మైనస్ 196 డిగ్రీలు. గడ్డ ముక్క కంటిలోంచి తీసినప్పటి నుంచి గడ్డకట్టే దాకా ఎన్ని నిమిషాలు పట్టిందో కూడా రాసుకోవాలి. ఆలస్యమైతే ఆర్‌ఎన్‌ఏ చెడి, దాని మీద చేసిన పరీక్ష తప్పు దారి పట్టిస్తుంది. ప్రతి ట్యూబు మీద పేరు బదులు బార్‌కోడ్ ఉంటుంది. ఆ కోడ్ ఎవరిదో తెలిసిన జాబితా వేరే చోట, వేరే మనుషుల చేతిలో ఉంటుంది.

గడ్డతోపాటు బిడ్డ రక్తం కూడా దాచాలి. ఇది చాలా ముఖ్యం. గడ్డలో కనిపించిన లోపం రక్తంలోనూ ఉంటే అది పుట్టుకతో వచ్చింది. రక్తంలో లేకపోతే అది చాలావరకు ఆ గడ్డకే పరిమితం. ఈ పోలిక పరిశోధకులకే కాదు, ముందుగా ఆ కుటుంబానికే ఉపయోగం. ఒక కంటికి జబ్బు వచ్చిన పిల్లల్లో నూటికి సుమారు 15 మందికి మాత్రమే అది పుట్టుకతో వచ్చిన లోపం. గడ్డలో రెండు లోపాలూ ఏవో తెలిస్తే, వాటినే రక్తంలో వెతికి సంగతి తేల్చొచ్చు. లేదని తేలితే తమ్ముడికీ చెల్లికీ నెలనెలా మత్తు ఇచ్చి కంటి పరీక్ష చేయాల్సిన బాధ తప్పుతుంది. ఉందని తేలితే పుట్టబోయే బిడ్డను మొదటి రోజుల నుంచే కనిపెట్టుకోవచ్చు. గడ్డ ముక్కను దాచి ఉంచకపోతే ఈ జవాబు చెప్పడం చాలా కష్టం.

అన్నిటికన్నా కష్టమైన పని ఫ్రీజర్ బయట ఉంటుంది. ఆ బిడ్డ తర్వాత ఎలా ఉన్నాడు? జబ్బు తిరగబెట్టిందా? పుట్టుకతో ఆర్‌బీ1 లోపం ఉన్నవాళ్లకు పెద్దయ్యాక ఎముక క్యాన్సర్ లాంటివి వచ్చే ముప్పు ఎక్కువ. మరి పదిహేనేళ్లకు ఏమైంది? ఈ వివరాలు లేని ట్యూబు వల్ల పెద్ద ఉపయోగం ఉండదు. ఊరు మారినా, ఫోన్ నంబరు మారినా ఆ కుటుంబాన్ని వెతికి పట్టుకుని పలకరించే మనిషి కావాలి. బ్రిటన్‌లో రెటినోబ్లాస్టోమా పిల్లలందరికీ లండన్, బర్మింగ్‌హామ్‌లలోని రెండు ఆసుపత్రుల్లోనే చికిత్స జరుగుతుంది. ఏటా 40 నుంచి 50 మంది. అందువల్ల ప్రతి బిడ్డ సంగతీ ఒక చోట నమోదవుతుంది. మన దగ్గర ఒక ఆసుపత్రిలో జబ్బు తెలిసి, మరో చోట ఆపరేషన్ జరిగి, ఇంకో ఊళ్లో కీమో తీసుకునే పిల్లలున్నారు. నమూనా ఒక చోట, కథ మరో చోట ఉండిపోతుంది.

కన్ను నిలిస్తే నమూనా ఎలా?

ఇక్కడ ఒక చిక్కుంది, అది సంతోషించాల్సిన చిక్కు. ఇప్పుడు చాలా కళ్లను తీయాల్సిన పని లేకుండానే కాపాడగలుగుతున్నారు. కంటి రక్తనాళంలోకే నేరుగా మందు పంపడం, లేజర్, క్రయోథెరపీ, కంటి లోపలికి మెల్ఫలాన్ అనే కీమో మందు ఇంజెక్షన్ లాంటి చికిత్సలొచ్చాయి. కన్ను నిలిస్తే గడ్డ ముక్క దొరకదు. ఇతర క్యాన్సర్లలో చేసినట్టు సూదితో బయాప్సీ చేయడానికి ఇందులో వీల్లేదు. సూది దారి వెంట క్యాన్సర్ కణాలు కంటి బయటికి వచ్చే ప్రమాదం ఉంది. దాంతో బయోబ్యాంకుల్లో ముదిరిన జబ్బున్న కళ్ల నమూనాలే చేరుతున్నాయి. చికిత్సకు లొంగిన గడ్డలు ఎలా ఉంటాయో తెలియకుండా పోతోంది.

దీనికి దారి ఒక చుక్క నీటిలో దొరికింది. కంటి లోపలికి మెల్ఫలాన్ ఇచ్చేటప్పుడు మందు వెనక్కి చిమ్మకుండా ముందు కంటి ఒత్తిడి తగ్గించాలి. అందుకు కంటి ముందు భాగంలో ఉండే ద్రవాన్ని 0.1 మిల్లీలీటరు మేర తీస్తారు. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌కు చెందిన ఫ్రాన్సిస్ మునియె ఈ జాగ్రత్తలన్నీ కలిపి ఇంజెక్షన్‌కు ఒక సురక్షిత పద్ధతి ఏర్పరిచారు. లాస్ ఏంజెలెస్ పిల్లల ఆసుపత్రిలో కంటి క్యాన్సర్ వైద్యురాలు జెస్సీ బెర్రీ ఆ ద్రవాన్ని దాచి పరీక్షించారు. అందులో గడ్డ డీఎన్‌ఏ ముక్కలు తేలుతూ దొరికాయి. ఆ వివరాలు 2017లో వెలువడ్డాయి. ఆరో క్రోమోజోమ్‌లోని ఒక భాగం ఎక్కువైనట్టు ఆ ద్రవంలో కనిపిస్తే, కన్ను కాపాడటం కష్టమయ్యే అవకాశం ఎక్కువని తర్వాత ఆమె బృందం చూపింది. కంటి మీద కత్తి పెట్టకుండానే గడ్డ స్వభావం తెలుసుకునే దారి ఇది. రేపటి బయోబ్యాంకుల్లో గడ్డ ముక్కల పక్కన ఈ చుక్కల ట్యూబులూ ఉండాలి.

మన పిల్లలు, మన ల్యాబులు

హైదరాబాద్‌కు ఈ రంగంలో పెద్ద పేరే ఉంది. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు 1,457 మంది రెటినోబ్లాస్టోమా పిల్లల, 2,074 కళ్ల చికిత్స వివరాలను 2019లో ప్రచురించారు. బ్రిటన్‌లో అంతమంది పిల్లల్ని చూడాలంటే దేశమంతా కలిపినా ముప్పై ఏళ్లు పడుతుంది. జన్యు పరిశోధనకు సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ లాంటి సంస్థలు అదే నగరంలో ఉన్నాయి. చెన్నైలో శంకర నేత్రాలయ, మదురైలో అరవింద్ ఆసుపత్రి, బెంగళూరులో నారాయణ నేత్రాలయ ఏళ్లుగా ఈ పిల్లలకు చికిత్స చేస్తున్నాయి, పరిశోధనలూ చేస్తున్నాయి. ఐఐటీ మద్రాస్‌లో జాతీయ క్యాన్సర్ కణజాల బయోబ్యాంక్ పనిచేస్తోంది. అక్కడి నుంచే 2025లో భారత్ క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ మొదలైంది. మొదట తీసుకున్నది రొమ్ము క్యాన్సర్‌ను.

పిల్లల కంటి క్యాన్సర్‌కూ అలాంటి చోటు కావాలి. ఏ ఆసుపత్రిలో కన్ను తీసినా ఒకే పద్ధతిలో ముక్క తీసి, ఒకే రకం వివరాలు రాసి, అందరూ వాడుకునేలా ఒక జాతీయ వేదికలో ఉంచాలి. ఆర్‌బీ1 గురించి ఇవాళ తెలిసినదాంట్లో చాలా భాగం అమెరికా, కెనడా, యూరప్ పిల్లల గడ్డల నుంచి వచ్చింది. ఈ జబ్బున్న పిల్లల్లో ఎక్కువమంది మాత్రం పేద, మధ్యాదాయ దేశాల్లో ఉన్నారు. మన దగ్గర ఆసుపత్రికి వచ్చేసరికే చాలామందిలో గడ్డ ముదిరి ఉంటుంది. నరంలోకి, కంటి బయటికి పాకిన జబ్బు ఎలా ప్రవర్తిస్తుందో, దేనికి లొంగుతుందో తేల్చాల్సిన అవసరం మనకే ఎక్కువ. సంపన్న దేశాల్లో అలాంటి కేసులు అరుదు కాబట్టి ఆ ప్రశ్నకు జవాబు అక్కడి నుంచి రాదు.

అడిగే పద్ధతిలోనే మర్యాద

నేత్రదానం అంటే తెలుగువాళ్లకు తెలుసు. చనిపోయాక కార్నియా ఇస్తే మరొకరికి చూపు వస్తుంది. బయోబ్యాంక్‌కు ఇచ్చేది వేరు. ఇక్కడ బిడ్డ బతికే ఉన్నాడు, నిర్ణయం తల్లిదండ్రులది, ఫలితం ఎవరికి ఎప్పుడు అందుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే ఆపరేషన్ కాగితాల మధ్య మరో కాగితం పెట్టి సంతకం చేయించుకోవడం అంగీకారం అనిపించుకోదు.

తీరిగ్గా కూర్చుని, వాళ్ల మాటల్లో చెప్పాలి. ‘‘అమ్మా, బాబు కన్ను తీశాక ముందు జబ్బు ఎంతవరకు పాకిందో చూస్తాం. దానికి కావాల్సినదంతా వాడాకే చిన్న ముక్క, కాస్త రక్తం దాచుకుంటాం. మీరు వద్దన్నా చికిత్సలో ఏ తేడా ఉండదండీ. రేపెప్పుడైనా మనసు మారితే చెప్పండి, ఆపేస్తాం’’ అని స్పష్టంగా చెప్పాలి. కావాలంటే ఇంటికెళ్లి పెద్దవాళ్లతో మాట్లాడి రమ్మనాలి.

భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. నమూనా ఇచ్చినవాళ్లదే, బయోబ్యాంక్ దానికి కాపలాదారు మాత్రమే. ఏడేళ్లు దాటిన పిల్లల్ని నోటిమాటగా, పన్నెండు దాటినవాళ్లను రాతపూర్వకంగా వాళ్ల సమ్మతీ అడగాలి. రెటినోబ్లాస్టోమా పిల్లల్లో చాలామందికి అప్పటికి మాటలే సరిగ్గా రావు. కాబట్టి వాళ్లు పద్దెనిమిదేళ్లకు వచ్చాక మళ్లీ అడగడం ఇక్కడ మరీ ముఖ్యం. తన కంటి ముక్క ఎక్కడుందో తెలుసుకునే హక్కు, వద్దనే హక్కు ఆ యువకుడికి, ఆ యువతికి ఉన్నాయి.

జన్యు సమాచారం ఒక్కరిది కాదు, ఇల్లంతటిదీ. ‘వీళ్లింట్లో జబ్బుంది’ అన్న మాట ఊళ్లో పాకితే పిల్ల పెళ్లి దాకా వెంటాడుతుంది. అందుకే గోప్యత విషయంలో రాజీ పనికిరాదు. అపోహలూ తీర్చాలి. చాలా ఇళ్లలో నింద తల్లి మీద పడుతుంది, లేదా మేనరికం మీద. ఈ జబ్బును మేనరికంతో ముడిపెట్టడం సరికాదు. ఇది ఒక్క ప్రతి చెడినా తర్వాతి తరానికి సంక్రమించే రకం. జబ్బు వచ్చిన పిల్లల్లో దాదాపు 90 శాతం మంది కుటుంబాల్లో అంతకుముందు ఎవరికీ లేదు. కొత్తగా పుట్టుకొచ్చే ఆర్‌బీ1 లోపాలు చాలావరకు తండ్రి వైపు ప్రతిలోనే మొదలవుతాయని 1989లోనే రెండు పరిశోధన బృందాలు చూపాయి. అది తండ్రి చేసిన తప్పూ కాదు. కణాలు విడిపోయేటప్పుడు ఎవరి ప్రమేయమూ లేకుండా జరిగే పొరపాటు. తల్లిని నిందించే నోళ్లు మూయించడానికి కూడా దాచిన నమూనాలే పనికొచ్చాయి.

విదేశీ సంస్థలతో కలిసి పనిచేయడం తప్పనిసరి, అవసరం కూడా. అయితే నమూనాలు పంపి చేతులు దులుపుకునే ఒప్పందాలు వద్దు. మన శాస్త్రవేత్తలు సమాన భాగస్వాములుగా ఉండాలి. వచ్చిన పరీక్ష, వచ్చిన మందు ఇక్కడి పిల్లలకు అందే ధరలో ఉండాలన్న షరతు ఒప్పందంలోనే రాసుకోవాలి.

ఇక చేయాల్సింది

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో పిల్లల క్యాన్సర్ల మీద మొదలుపెట్టిన కార్యక్రమంలో ఎంచుకున్న ఆరు క్యాన్సర్లలో రెటినోబ్లాస్టోమా ఒకటి. ప్రాణం కాపాడటానికి ముందుగా కావాల్సింది త్వరగా గుర్తించడం. టీకాలకు వచ్చిన ప్రతి బిడ్డ కంట్లో టార్చి వేసి చూసేలా ఆశా కార్యకర్తలకు, ఏఎన్‌ఎంలకు శిక్షణ ఇవ్వాలి. బయోబ్యాంక్ ఆ పనికి ప్రత్యామ్నాయం కాదు. ఆ పని జరిగాక మిగిలే ప్రశ్నలకు జవాబు వెతికే చోటు అది. ఈ కన్ను తీయాలా, కాపాడొచ్చా? ఈ బిడ్డకు కీమో ఎంత చాలు? ఈ గడ్డ తిరగబెడుతుందా? ఇవాళ డాక్టర్లు వీటికి అనుభవంతో జవాబు చెబుతున్నారు. రేపు కొలిచి చెప్పగలగాలి.

బిడ్డకు ఆపరేషన్ అంటున్న తల్లిదండ్రులు డాక్టరును ధైర్యంగా అడగొచ్చు. ‘గడ్డ ముక్క, రక్తం దాచే ఏర్పాటు ఇక్కడుందా? జన్యు పరీక్షకు అది మాకు పనికొస్తుందా?’ అని. ఆ ప్రశ్న పది మంది అడిగితే పదకొండో బిడ్డ వేళకు ఆసుపత్రి సిద్ధంగా ఉంటుంది. దాతలూ ప్రభుత్వాలూ కొత్త భవనాలకు, ఖరీదైన యంత్రాలకు ముందుకొస్తారు. బయోబ్యాంక్‌కు కావాల్సిన ఖర్చు మరో రకం. ఫ్రీజర్ ఒక్క రాత్రి కూడా ఆగకుండా కరెంటు, ద్రవ నైట్రోజన్‌కు నెలనెలా డబ్బు, అంగీకారం ఓపిగ్గా వివరించే ఒక మనిషికి జీతం, ఇరవై ఏళ్లపాటు ఆ కుటుంబాలకు ఫోన్ చేసి పలకరించే మరో మనిషికి జీతం. ప్రారంభోత్సవాలకు అవకాశం లేని ఈ ఖర్చును బడ్జెట్‌లో శాశ్వత పద్దుగా చేర్చాలి. ఏటా 1,500 మందికి పైగా పిల్లలు ఈ జబ్బు బారిన పడుతున్న దేశం అడగాల్సింది, చేయాల్సింది ముందుగా ఇదే.